పది పేర్ల మనిషి, పేరులేని పదముగ్గురు

1949 నుంచి నాలుగైదేళ్లపాటు అమెరికాలోని నల్లవాళ్ల పేటల్లో రికార్డు దుకాణాల అరలు వెతికితే చిత్రమైన పేర్లు చేతికి తగిలేవి. కింగ్ కంపెనీ లేబుల్ మీద టెక్సస్ స్లిమ్. సవాయ్ లేబుల్ మీద బర్మింగ్‌హామ్ శామ్, దానికి ‘అతని మాయా గిటార్’ అని ఒక తోక. రీజెంట్ మీద డెల్టా జాన్. స్టాఫ్ మీద జానీ విలియమ్స్. ఏకార్న్ మీద బూగీ మ్యాన్. ఛాన్స్ మీద జాన్ లీ బుకర్. డీలక్స్ మీద జానీ లీ. డాన్స్‌లాండ్ అనే చిన్న లేబుల్ మీదైతే లిటిల్ పోర్క్ చాప్స్. పేర్లను నమ్మితే ఒకడు టెక్సస్ వాడు, ఒకడు అలబామా వాడు, ఇంకొకడు మిసిసిపీ డెల్టా వాడు. సూది ఆనించగానే అనుమానం మొదలయ్యేది. వీళ్లందరి కాళ్లూ నేలను ఒకేలా తంతున్నాయి.

డెట్రాయిట్ నగరం సంగీత చరిత్రకు రెండు చిక్కుముడులు వేసింది. మొదటిది ఈ పేర్ల గుంపు. చెవి పెట్టి విన్నవాళ్లు దీన్ని తొందరగానే విప్పారు. రెండోది పదేళ్ల తర్వాత పడింది. అది పూర్తిగా విప్పడానికి పాతికేళ్లకు పైనే పట్టింది, ఈలోగా కొందరి ప్రాణాలే పోయాయి. ఈ రెండు ముళ్లూ ఒకే దారానివని నా నమ్మకం.

ముందు మొదటిది. 1948లో బెర్నార్డ్ బెస్మన్ అనే రికార్డుల పంపిణీదారు డెట్రాయిట్ సెకండ్ అవెన్యూలోని యునైటెడ్ సౌండ్ స్టూడియోకి ఒక గాయకుణ్ని తీసుకొచ్చాడు. మిసిసిపీ పల్లెల నుంచి యుద్ధకాలంలో పని వెతుక్కుంటూ వచ్చిన జాన్ లీ హుకర్ అతను. పగలు ఫోర్డ్ కారు ఫ్యాక్టరీలో ఊడ్చే పని, రాత్రి హేస్టింగ్స్ వీధి బార్లలో పాట. పక్కన బ్యాండు లేదు. ఒక గొంతు, ఒక ఎలక్ట్రిక్ గిటార్, అంతే. ఆ బోసితనం పోగొట్టడానికి బెస్మన్ అతని కాళ్ల కింద చెక్క పలక వేయించి, ఆ అడుగుల చప్పుడు కూడా మైకుకి ఎక్కించాడు. అలా తయారైన ‘బూగీ చిల్లెన్’ 1949 ఫిబ్రవరిలో నల్లవాళ్ల సంగీతపు జాబితాలో మొదటి స్థానానికి చేరింది.

ఆ చెక్క మీది అడుగే మొదటి ఆధారం. రెండోది ఇంకా గట్టిది. మామూలు బ్లూస్ పాటకు పన్నెండు బార్లకు, అంటే తాళపు విభాగాలకు, ఒక ఆవర్తం. ఎక్కడ స్వరం మారాలో, ఎక్కడ తిరిగి మొదటికి రావాలో లెక్క ఉంటుంది. హుకర్‌కి ఆ లెక్క పట్టదు. మాట ఇంకా మిగిలి ఉంటే పదమూడున్నర బార్లు పాడతాడు, తొందరగా అయిపోతే పదకొండుకే వదిలేస్తాడు. లూసియానా నుంచి వచ్చిన సవతి తండ్రి విల్ మూర్ దగ్గర నేర్చుకున్న పద్ధతది. ఒకే తీగ మీద ఒకే స్వరాన్ని మోగిస్తూ దాని చుట్టూ కథ చెప్పడం. ఇలా పాడేవాడికి పక్కవాద్యం వాయించడం నరకం. ఇంత సొంత లెక్క గలవాడు దేశం మొత్తానికి ఒకడుంటే గొప్ప. మరి టెక్సస్ స్లిమ్‌దీ ఇదే లెక్క, డెల్టా జాన్‌దీ ఇదే లెక్క ఎలా అవుతుంది?

మూడో ఆధారం కంటికి కనిపించేది. పాత లక్క రికార్డుల మధ్యలో, లేబుల్ అంచు దగ్గర, మెరిసే నల్లటి పట్టీలో గీసిన అంకెలుంటాయి. అచ్చు మూసకి వేసిన నంబర్లవి. లేబుల్ మీద ఏ పేరైనా అచ్చు వేయవచ్చు. ఆ అంకెలు మాత్రం ఏ సెషన్‌లో ఏ పాట తర్వాత ఏ పాట పుట్టిందో చెబుతాయి. మైక్ లెడ్‌బిటర్, నీల్ స్లేవన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు 1968లో అచ్చువేసిన ‘బ్లూస్ రికార్డ్స్ 1943–1966’ ఇలాంటి గుర్తులనే పోగేసి కట్టిన జాబితా. మారుపేర్లను అసలు మనుషుల కింద చేర్చిన ఓపిక అది.

ఇంతకీ ఎందుకు దాక్కున్నాడు? హుకర్ లాస్ ఏంజెలెస్‌లోని మోడర్న్ కంపెనీకి కట్టుబడి ఉన్నాడు. ఆ పేరుతో ఇంకొకరికి పాడకూడదు. అమ్మకాల మీద రావలసిన వాటా చేతికందుతుందన్న నమ్మకం అతనికి లేదు. ఎవరైనా స్టూడియోకి పిలిచి నోట్లు చేతిలో పెడితే పాడేసి వచ్చేవాడు. పేరేమని అచ్చువేసుకుంటారో వాళ్లిష్టం. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. కూలి ముందే తీసుకోకపోతే తర్వాత రాదని ఎరిగిన ఫ్యాక్టరీ మనిషి జాగ్రత్త అది.

హేస్టింగ్స్ వీధిలో 3530 నంబరులో జో వాన్ బాటిల్ అనే ఆయన రికార్డు దుకాణం ఉండేది. దుకాణం వెనకే రికార్డింగు గది. హుకర్‌తో సహా ఎందరో బ్లూస్ గాయకులు అక్కడ పాడారు. పాస్టర్ సి. ఎల్. ఫ్రాంక్లిన్ ప్రసంగాలను, ఆయన కూతురు అరీథా చిన్ననాటి భక్తిగీతాలను రికార్డు చేసింది కూడా ఆయనే. 1950ల చివరికి క్రైస్లర్ ఫ్రీవే కోసం హేస్టింగ్స్ వీధిని బుల్డోజర్లతో నేలమట్టం చేశారు. వాన్ బాటిల్ దుకాణాన్ని పన్నెండో వీధికి మార్చుకున్నాడు. 1967 జూలైలో 43 మంది ప్రాణాలు పోయిన నల్లవాళ్ల తిరుగుబాటు మొదలైంది సరిగ్గా ఆ వీధిలోనే. దుకాణం తగలబడింది, మంటలార్పిన నీళ్లకు మిగిలిన టేపులు నానిపోయాయి. డెట్రాయిట్ బ్లూస్‌కి సంబంధించి ఎన్ని పేర్లకు ఆధారాలు ఆ బూడిదలో కలిశాయో ఇక లెక్క తేలదు.

రెండో ముడి వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో 2648 నంబరు ఇంట్లో పడింది. లింకన్–మెర్క్యురీ కార్ల అసెంబ్లీ లైనులో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959 జనవరిలో కుటుంబ నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డు కంపెనీ పెట్టాడు. తొలి రికార్డు ‘కమ్ టు మీ’ని మార్వ్ జాన్సన్ చేత పాడించింది హుకర్ పాడిన ఆ యునైటెడ్ సౌండ్‌లోనే. ఆ ఏడాదే ఈ ఇల్లు కొని, వెనక ఉన్న ఫొటో స్టూడియోని రికార్డింగు గదిగా మార్చాడు. పైన ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఏ.’ అని బోర్డు. కంపెనీ పేరు మోటౌన్, అంటే మోటార్ల ఊరు. కార్లు ఫ్రేముగా లోపలికి వెళ్లి మెరుస్తూ బయటికి వచ్చినట్టే, వీధి పిల్లలు ఒక తలుపులో వెళ్లి రెండో తలుపులోంచి తారలుగా రావాలన్నది ఆయన కల. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే, స్టీవీ వండర్, స్మోకీ రాబిన్సన్ అలాగే వచ్చారు.

అసెంబ్లీ లైనులో బోల్టు బిగించినవాడి పేరు కారు మీద ఉండదు కదా. ఇక్కడా లేదు. లేబుల్ మీద పాట పేరు, పాడినవాళ్ల పేరు, రాసినవాళ్ల పేరు, నిర్మాత పేరు. వాయించినవాళ్ల పేరు మాత్రం లేదు. మనకిది కొత్తగా తోచదు. రేడియోలో సినిమా పాట వేసేముందు చిత్రం, రచన, సంగీతం, గానం అన్నీ చెప్పేవారు, ఆ పాటను గుండెకు హత్తించిన వయొలిన్ ఎవరిదో ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజుల్లో అమెరికా పాప్ రికార్డులన్నిటికీ అదే రివాజు. గోర్డీకి దాని మీద ఇంకో భయం కూడా ఉండేది, పేర్లు తెలిస్తే పోటీ కంపెనీలు తన మనుషులను ఎగరేసుకుపోతాయని.

పేర్లు దాచవచ్చుగానీ వాయింపును దాచలేరు. సుప్రీమ్స్ పాట విన్నా, ఫోర్ టాప్స్ పాట విన్నా అడుగున ఒక బాస్ గిటార్ నడుస్తుంటుంది. మామూలుగా బాస్ అంటే ఆధార స్వరాన్ని గుడ్డిగా పట్టుకుని నిలబడేది. ఇది అలా నిలబడదు. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే సందులో దూరుతుంది, తాళం పడకముందే ఒక స్వరాన్ని నెట్టి వెనక్కి లాగుతుంది, ఒక స్వరం నుంచి ఇంకోదానికి మధ్యలో ఉన్న అరమెట్లన్నీ తడుముతూ ఎక్కుతుంది. ఫోర్ టాప్స్ 1967లో పాడిన ‘బర్నడెట్’ని బాస్ ఒక్కటే పట్టుకుని వినండి, పాట కింద ఇంకో పాట ఉందనిపిస్తుంది. అట్లాంటిక్ అవతల పాల్ మెకార్ట్నీ ఈ వాయింపునే తన గురువుగా పెట్టుకున్నాడు. ఆ వాయించేవాడి పేరేమిటో అతనికి చాలా ఏళ్లు తెలియదు.

చెవి చెప్పిన మొదటి సంగతి, ఇన్ని బృందాల వెనక ఉన్నది ఒకే మనిషి అని. రెండోది, అతను నిలువు బాస్ దగ్గర పెరిగినవాడని. స్వరాల మధ్య ఖాళీ తీగను ఊరికే మోగిస్తూ దూకడం, ఆ పెద్ద చెక్క వాద్యం మీద జాజ్ వాయించినవాళ్ల చేతి అలవాటు. మూడోది, శబ్దం తొందరగా ఆరిపోతోంది. మృదంగం మీద దెబ్బలా ‘థుప్’ అని పడి ఆగిపోతుంది, కానీ అందులో స్వరం స్పష్టంగా ఉంది. కొత్త తీగలకు ఈ గుణం రాదు. నాలుగోది సూక్ష్మం. బాస్ వాయించేవాళ్లు చాలామంది చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటుతారు, అందులో బలం ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పడుతుంది. ఈ రికార్డుల్లో ప్రతి మీటులోనూ ఒకే బరువు. ఒకే వేలు.

ఇక కాగితం సాక్ష్యం. ఏ రికార్డింగుకైనా వాద్యకారుల సంఘానికి ఒక ఫారం వెళ్లాలి. తేదీ, వేళ, పాట, ఎవరు వాయించారు, ఎంత ఇచ్చారు. డెట్రాయిట్‌లో అది లోకల్ 5. మోటౌన్ తొలి ఏళ్లలో సెషన్లు చాలావరకు ఈ లెక్కల్లోకి ఎక్కలేదు. పాటకు ఐదు, పది డాలర్లు చేతిలో పెట్టి పంపేవారు. తర్వాత కాగితాలు వచ్చాయి, కానీ వాటితో ఇంకో తంటా. ముందు వాద్యాలు రికార్డు చేసి, మాటలు తర్వాత రాసుకోవడం అక్కడి పద్ధతి కాబట్టి ఫారంలో ఉన్న పేరు ఒకటి, బజారులోకి వచ్చిన పాట పేరు ఇంకొకటి. గది రోజుకి 22 గంటలు నడిచేదంటారు. అన్ని గంటల్లో ఏ గంట ఎవరిదో కాగితం ఒక్కదాన్నే పట్టుకుని చెప్పలేం.

అలాంటప్పుడు ఇంటి బయట వెతకాలి. దొంగచాటు పనుల్లోనే వీళ్ల గుట్టు బయటపడింది. 1966లో క్యాపిటల్స్ అనే ముగ్గురి బృందం ‘కూల్ జర్క్’ పాడి దేశమంతటా హిట్ కొట్టింది. లేబుల్ మోటౌన్ కాదు, కేరన్. స్టూడియో డెట్రాయిట్‌లోనే గోల్డెన్ వరల్డ్. కానీ ఆ డ్రమ్స్, ఆ పియానో, ఆ ఊపు హిట్స్‌విల్‌వే. మోటౌన్ వాద్యకారులు వేళ చూసుకుని వెళ్లి వాయించి వచ్చారు. 1967 జూలైలో జాకీ విల్సన్ షికాగోలో ‘హయ్యర్ అండ్ హయ్యర్’ పాడాడు. దాని బాస్ వినండి. ఆ ఒక్క వేలే. డెట్రాయిట్ నుంచి నలుగురు కారెక్కి షికాగో వెళ్లారు: బాస్ జేమ్స్ జేమర్సన్, డ్రమ్స్ రిచర్డ్ ‘పిస్టల్’ అలెన్, గిటార్ రాబర్ట్ వైట్, కీబోర్డు జానీ గ్రిఫిత్. ఇంట్లో పేరు లేదు, బయట పేరు చెప్పుకుంటే పని పోతుంది. గోర్డీ ఈ బయటి పనులను సహించలేదు. చివరికి గోల్డెన్ వరల్డ్ స్టూడియోనే కొనేసి మోటౌన్ ‘స్టూడియో బి’గా మార్చాడు.

షికాగో ప్రయాణాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అంతకు ముందుది. 1961 అక్టోబరు. పాడుతున్నది జాన్ లీ హుకర్. పాట ‘బూమ్ బూమ్’. డెట్రాయిట్ ఏపెక్స్ బార్‌లో ఆలస్యంగా వచ్చినప్పుడల్లా అక్కడ పనిచేసే ఆమె తనను ఆటపట్టించిన మాట నుంచి ఆ పాట పుట్టిందని అతనే చెప్పాడు. ఈ రికార్డులో ఒక వింత ఉంది. బార్ల లెక్క ఎన్నడూ పాటించని మనిషి ఇందులో పన్నెండు బార్లు తూచినట్టు పాడతాడు. అతను ఒక మాట అనగానే బ్యాండు మొత్తం ఒక్కసారిగా జవాబిచ్చి ఆగుతుంది, మళ్లీ అతని మాట, మళ్లీ జవాబు. ఎవరీ బ్యాండు? పియానో జో హంటర్, గిటార్ లారీ వీడర్, శాక్సోఫోన్లు హాంక్ కాస్బీ, మైక్ టెరీ. డ్రమ్స్ బెన్నీ బెంజమిన్. బాస్ జేమర్సన్. పది పేర్లతో పాడినవాడి వెనక పేర్లే అచ్చుకాని మనుషులు కూర్చుని వాయించారు. బ్లూస్ వేరు, సోల్ వేరు అని పుస్తకాలు గీత గీస్తాయి. డెట్రాయిట్‌లో ఆ గీతకు రెండు పక్కలా పనిచేసిన చేతులు ఇవి. ఈ ఒక్క రికార్డు దగ్గరే నేను చెప్పే ఆ దారం కనిపిస్తుంది.

జేమర్సన్‌ది సౌత్ కరోలినా. 1936లో పుట్టాడు. 1954లో డెట్రాయిట్ వచ్చి, నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లో నిలువు బాస్ పట్టాడు. జాజ్ క్లబ్బుల్లో వాయించాడు. 1960ల మొదట్లో ఎలక్ట్రిక్ బాస్‌కి మారినా చెయ్యి మాత్రం పాతదే. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ అతని వాద్యం, పేరు ‘ఫంక్ మెషిన్’. మెడ మొదట్లో సిరాతో ‘ఫంక్’ అని తనే రాసుకున్నాడు. తీగలు లబెల్లా కంపెనీవి, లావువి, నున్నటివి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలకు పట్టిన మట్టిలోనే ఆ నాదం ఉందని అతని నమ్మకం. వంతెన మూత కింద స్పాంజి ముక్క, అందుకే ఆ ‘థుప్’. తీగలు పలక నుంచి ఎంత ఎత్తులో ఉండేవంటే ఇంకొకరు నొక్కలేకపోయేవారు. మీటేది కుడి చూపుడువేలొక్కటే, దాన్ని సహచరులు ‘కొక్కెం’ అనేవారు. చెవి ముందే పట్టుకున్న నాలుగు గుర్తులకూ ఇక్కడ నాలుగు జవాబులు దొరికాయి.

హిట్స్‌విల్ రికార్డింగు గదిని వాద్యకారులు ‘పాముల పుట్ట’ అనేవారు, పైకప్పు నుంచి తీగలు అలా వేలాడుతుండేవి. గిటార్లకూ బాస్‌కూ ఎవరి స్పీకరు వాళ్లకు ఉండేది కాదు. నేరుగా కంట్రోల్ గదిలోని మిక్సింగ్ బల్లకే వాటి వైర్లు. అందుకే ఆ బాస్ గది గోల అంటకుండా అంత శుభ్రంగా టేపుకెక్కింది. చెవికి దొరికిన ఆధారాల్లో సగం ఈ ఏర్పాటు పుణ్యమే.

కంపెనీ స్వయంగా వదిలిన ఒక ఆధారం 1965 నాటిది. వాద్యకారుల నాయకుడు ఎర్ల్ వాన్ డైక్ పేరుతో ‘దట్ మోటౌన్ సౌండ్’ అనే రికార్డు వచ్చింది. బృందం తమను తాము ఫంక్ బ్రదర్స్ అనుకునేది. ‘ఫంక్’ అన్న మాట గోర్డీకి నచ్చక అట్ట మీద ‘సోల్ బ్రదర్స్’ అని వేశారు. దొరక్క దొరక్క దొరికిన ఆ పేరూ మారుపేరే.

1971లో మొదటిసారి తెర తొలగింది. మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు వరసగా అచ్చయ్యాయి. జేమర్సన్ పేరుకు ముందు ‘సాటిలేని’ అన్న మాట కూడా చేర్చారు. అదే ఆల్బమ్‌లో ‘మెర్సీ మెర్సీ మీ’, ‘ఇన్నర్ సిటీ బ్లూస్’ పాటలకు బాస్ ఇంకో వాద్యకారుడు బాబ్ బాబిట్‌ది. రెండు చేతులనూ ఒకే చోట, పేర్లతో సహా పక్కపక్కన వినే అవకాశం లోకానికి అప్పుడే దొరికింది. బాబిట్ నడక నున్నగా, గుండ్రంగా సాగుతుంది. జేమర్సన్‌ది ఏ క్షణాన ఎటు దూకుతుందో తెలియదు. ఆ తర్వాత పాత రికార్డులకు తిరిగి వెళ్లి పోల్చుకోవడం ఎవరికైనా తేలికైంది.

పేర్లు అచ్చయిన మరుసటి ఏడాదే మోటౌన్ లాస్ ఏంజెలెస్‌కి తరలిపోయింది. రోజూలాగే సెషన్‌కి వచ్చిన వాద్యకారులకు తలుపు మీద అంటించిన కాగితమే వీడ్కోలు చెప్పింది. జేమర్సన్ కూడా పడమటికి వెళ్లాడుగానీ అక్కడ కుదురుకోలేదు. తాగుడు అతన్ని తినేసింది. 1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల వేడుకను పాసడీనాలో టీవీ కోసం చిత్రీకరించారు. మైకేల్ జాక్సన్ ఆ రాత్రే మూన్‌వాక్ చేశాడు. జేమర్సన్ టికెట్టు కొనుక్కుని జనంలో కూర్చుని చూశాడు. ఆ వేదిక మీద మోగిన పాటలు ఎన్నింటికో పునాది అతని వేలే. ఆగస్టు 2న చనిపోయాడు, వయసు 47. అంతకు కొన్నాళ్ల ముందే ఫంక్ మెషిన్‌ని ఎవరో దొంగిలించారు. అది ఇంతవరకు దొరకలేదు. ఈ పేరా రాస్తుంటే కోపం వస్తుంది, దాచుకోను.

ముడిని చివరిదాకా విప్పినవాడు ఫిలడెల్ఫియాకి చెందిన గిటారిస్టు అలన్ స్లట్‌స్కీ. జేమర్సన్ భార్య ఆనీ దగ్గరికి, బతికున్న సహచరుల దగ్గరికి వెళ్లి అడిగాడు. బాస్ వరుసలను స్వరం స్వరం విని కాగితం మీద పెట్టాడు. 1989లో వచ్చిన ‘స్టాండింగ్ ఇన్ ది షాడోస్ ఆఫ్ మోటౌన్’ ఆ శ్రమే. మెకార్ట్నీ లాంటివాళ్లు అందులో జేమర్సన్‌కి తమ రుణం ఒప్పుకున్నారు.

పుస్తకంతో వివాదం ఆగలేదు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వేల సెషన్లు వాయించిన గొప్ప బాసిస్టు కేరల్ కే, మోటౌన్ హిట్లు కొన్నిటికి బాస్ తనదేనని చెబుతూ వచ్చారు. స్టీవీ వండర్ 1967 నాటి ‘ఐ వజ్ మేడ్ టు లవ్ హర్’ అందులో ఒకటి. ఆ మాటను విసిరి పారేయడం అన్యాయం. మోటౌన్‌కి 1960లలోనే లాస్ ఏంజెలెస్‌లో ఆఫీసుండేది, అక్కడా సెషన్లు జరిగాయి, ఆమె వాటిలో వాయించారు. పేర్లు రాసి పెట్టని కంపెనీ ఇలాంటి తగువును తానే నాటింది. కానీ ఈ ఒక్క పాట వరకు తూకం డెట్రాయిట్ వైపే మొగ్గుతుంది. కే మామూలుగా వేలితో కాక ప్లెక్ట్రమ్ బిళ్లతో మీటేవారు, ఆ చప్పుడుకి మొదట్లో ఒక గరుకు అంచుంటుంది. ఈ రికార్డులో ఆ అంచు లేదు, మెత్తటి వేలుంది. ఖాళీ తీగల మీద దూకుడుంది. నిలువు బాస్ వాసన ప్రతి మలుపులోనూ ఉంది. విన్న ప్రతిసారీ నాకు జేమర్సనే వినిపిస్తాడు.

2002లో పాల్ జస్ట్‌మన్ స్లట్‌స్కీ పుస్తకం పేరుతోనే సినిమా తీశాడు. పదముగ్గురి పేర్లు తెర మీద పడ్డాయి: జో హంటర్, ఎర్ల్ వాన్ డైక్, జానీ గ్రిఫిత్, రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెసీనా, జేమర్సన్, బాబిట్, బెన్నీ బెంజమిన్, యూరియల్ జోన్స్, రిచర్డ్ అలెన్, జాక్ ఆష్‌ఫర్డ్, ఎడ్డీ ‘బాంగో’ బ్రౌన్. అది థియేటర్లకు చేరేనాటికి వాళ్లలో ఏడుగురు లేరు. బెంజమిన్ 1969లోనే వెళ్లిపోయాడు. సినిమా చెప్పే సంగతుల్లో నన్ను వదలనిది ఒకటుంది. రాబర్ట్ వైట్ ఒకరోజు లాస్ ఏంజెలెస్‌లో హోటల్లో కూర్చుని ఉండగా టెంప్టేషన్స్ ‘మై గర్ల్’ మోగింది. మొదట్లో మెట్లెక్కినట్టు పైకి వెళ్లే ఆ గిటార్ అతనిదే. ప్రపంచమంతా కూనిరాగం తీసే స్వరాలవి. ఏం కావాలని అడగడానికి వచ్చిన మనిషితో, ఇది వాయించింది నేనే అని చెప్పబోయి, నమ్మడని తోచి ఆగిపోయి, తిండి ఆర్డరిచ్చాడట. 1994లో పోయాడు, సినిమా చూడలేదు.

గౌరవాలు తర్వాత వచ్చాయి. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పక్కవాద్యకారుల కోసం కొత్త వర్గం తెరిచినప్పుడు మొదటి జట్టులోనే జేమర్సన్ ఉన్నాడు. 2004లో ఫంక్ బ్రదర్స్‌కి గ్రామీ జీవన సాఫల్య పురస్కారం. హిట్స్‌విల్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కార్ల కంపెనీల్లో ఇంజినీర్లుగా చేరి నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురాలు పెట్టిన తెలుగు కుటుంబాలకు అది కారులో చుట్టి రాగలిగిన దూరమే. పాముల పుట్ట ఇంకా ఉంది.

ఒక కొస మాత్రం ఇంకా విడలేదు. హిట్స్‌విల్ నుంచి వెళ్లి దేశం మొత్తం వినబడిన తొలి పాట 1959 నాటి ‘మనీ’. పాడింది బారెట్ స్ట్రాంగ్, తర్వాత బీటిల్స్ కూడా పాడారు. పియానో స్ట్రాంగ్‌దే. డ్రమ్స్ బెన్నీ బెంజమిన్. టాంబురిన్ బ్రయన్ హాలండ్. బాస్ జేమర్సన్ కాదు. స్ట్రాంగ్ చెప్పిన ప్రకారం, ఆ రోజు కూలీ హైస్కూల్ నుంచి ఇంటికి వెళుతున్న ఇద్దరు తెల్ల కుర్రాళ్లు వాయింపు విని లోపలికి వచ్చి, మేమూ వాయించవచ్చా అని అడిగి, వాయించి వెళ్లిపోయారు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఆ బడి నగరం వాయవ్యాన చాలా దూరంలో ఉండేది, 2010లో మూతపడింది. నడిచి వెళ్లే దారిలో హిట్స్‌విల్ తగిలే అవకాశం తక్కువ, కాబట్టి కుర్రాళ్ల ఇళ్లు బులవార్డ్ వైపు ఉండి ఉండాలి, లేదా బడి పేరైనా జ్ఞాపకంలో జారి ఉండాలి. ఇప్పుడు వాళ్లకు ఎనభై దాటి ఉంటుంది. వెతకదలుచుకున్నవాళ్లు 1959, 1960 కూలీ హైస్కూల్ ఇయర్‌బుక్కులతో, అందులోని బ్యాండు ఫొటోలతో మొదలుపెట్టవచ్చు.